స్వపక్షమే ఎదురు తిరిగినపుడు: అధ్యక్షుఁడు ట్రూమను



శత్రువును గెలుచు నీతిని మన ప్రాచీన గ్రంథములు విస్తారముగాఁ జెప్పినవి. తన వారే ఎదురు తిరిగినపుడు ఏలిక యేమి చేయవలెననునది అంతకంటెఁ గఠినమగు ప్రశ్న. దానికి అమెరికా అధ్యక్షుఁడు హారీ ట్రూమను చరిత్రమునుండి యొక యుదాహరణమును గ్రహించితిమి.

1945 ఏప్రిల్ 12వ తేదీన రూజువెల్టు మరణింపఁగా, ఉపాధ్యక్షుఁడగు ట్రూమను ఆ పీఠమెక్కెను. ఈతఁడు మిస్సోరీ రాష్ట్రీయుఁడు. తల్లివైపు తాతయుఁ దండ్రివైపు తాతయు బానిసల నుంచుకొన్నవారే. 1946లో ధరలు పెరిగినవి. రైలు కార్మికులును, బొగ్గుగనుల కార్మికులును సమ్మెకట్టిరి. ఆ యేఁటి యెన్నికలలో కాంగ్రెసు ఉభయసభలును రిపబ్లికనుల వశమయ్యెను. ఇవి యే పాలకునకైనఁ దప్పని చిక్కులు గావున వానిని విడిచెదము.

ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఐజక్ వుడార్డ్ అను నల్లజాతి సైనికుఁడు, సేననుండి విడుదలయైన కొన్ని గంటలకే, సైనికదుస్తులతో బస్సులో నింటికిఁ బోవుచుండెను. దక్షిణ కెరొలైనాలో నొక పోలీసు అధికారి యాతనిఁ గొట్టి రెండు కన్నులును పోఁగొట్టెను. తెల్లవారే కూర్చున్న జూరీ ఆ యధికారిని నిర్దోషియని విడిచిపుచ్చెను. ఆ తీర్పునకు ముందే, సెప్టెంబరులో, ఈ దౌర్జన్యమును గూర్చి విని ట్రూమను మిగులఁ జలించెను. డిసెంబరులోఁ బదునేవురు సభ్యులతోఁ బౌరహక్కుల సంఘమును నియమించెను. దాని నివేదిక 1947 అక్టోబరులో వెలువడెను. 1948 ఫిబ్రవరి 2వ తేదీన ట్రూమను కాంగ్రెసునకు సందేశము పంపి, గుంపుగూడి మనుష్యులను జంపు ఘోరమునకు శిక్ష విధించు చట్టమును, వోటు వేయుటకుఁ బన్ను గట్టవలెనను నియమమును దొలఁగించు చట్టమును గోరెను.

దక్షిణ రాష్ట్రముల డెమోక్రాట్లు మండిపడిరి. వారు ఆతని స్వపక్షీయులు. వారి వోట్లు లేక యెన్నిక గెలుచుట దుస్సాధ్యమని యెల్లరు నమ్మిన కాలమది. సెనేటులో నెడతెగని ప్రసంగములతో బిల్లులను బడఁగొట్టుట వారికి వెన్నతోఁ బెట్టిన విద్య. జూలైలో ఫిలడెల్ఫియాలో పార్టీ మహాసభ జరిగెను. నిజము చెప్పవలెనన్న, అచ్చట ట్రూమను వర్గము మెత్తని తీర్మానమునే కోరెను. హంఫ్రీ ప్రభృతులు గట్టి తీర్మానమును నెగ్గించిరి. మిసిసిపీ ప్రతినిధులును, అలబామావారిలోఁ గొందఱును సభ విడిచిపోయిరి. పిమ్మట థర్మండు నాయకత్వమున వేఱొక పక్షము నిలిచెను. హెన్రీ వాలెసు మఱియొక ప్రక్కనుండి వోట్లు చీల్చుటకు సిద్ధముగా నుండెను.

ఇట్టి సమయమున నెవరైన వెనుకకుఁ దగ్గుదురు. ట్రూమను జూలై 26వ తేదీన సైన్యమందు జాతిభేదము లేక సమానావకాశ ముండవలెనని యాజ్ఞ వెలువరించెను. చట్టమునకుఁ గాంగ్రెసు కావలెను. సర్వసేనాధిపతి యాజ్ఞకు వోట్లతోఁ బని లేదు. ఈ వివేకమే మాకు మిక్కిలి నచ్చినది. ఉత్తర నగరముల నల్లవారి వోట్లకై యిట్లు చేసెనని కొంద ఱందురు. ఆ లెక్క యాతని సలహాదారులకుఁ దెలిసినదే, మేమును గాదనము. అయినను, నాఁడు చేతికి దక్కుట నిశ్చయము కాని లాభమునకై చేతనున్నదానిని బణముగా నొడ్డుట వట్టి వర్తకుని పని కాదు.

నవంబరులో ట్రూమను 303 వోట్లతో గెలిచెను. డ్యూయీకి 189, థర్మండునకు నాలుగు రాష్ట్రములు, 39 వోట్లు. ఆ రాత్రి డ్యూయీ గెలిచెనని ముందే యచ్చువేసిన చికాగో పత్రికను ట్రూమను నవ్వుచు నెత్తి చూపిన ఛాయాచిత్రము జగత్ప్రసిద్ధము.

ఈతని పాలనమున దోషములు లేకపోలేదు. 1947 మార్చిలో ప్రభుత్వోద్యోగుల విశ్వాసమును విచారింప నిచ్చిన యాజ్ఞవలన నిరపరాధులు పెక్కండ్రు సంశయమునకు గుఱియైరి. సైన్యములోని యాజ్ఞయు వెంటనే యమలు గాలేదు. పదాతిసేనానులు తాత్సారము చేసిరి. కొరియా యుద్ధమున సైనికులు చాలకపోవుటచేత కలిసి పోరాడక తప్పినది కాదు. 1954 నాఁటికి నల్లవారి ప్రత్యేక దళములు లేకపోయెను. గుంపుగూడి చంపువారిని శిక్షించు చట్టమో, ట్రూమను 1972లో మరణించిన యర్ధశతాబ్దమునకు, 2022 మార్చిలో జాతీయ చట్టమయ్యెను.