మౌఖిక పరీక్ష - ముందు సన్నాహము, తరువాతి కర్తవ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పల్లెలో ఒక యింటికి ఉద్యోగపు ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చినచో అది ఆ యొక్క బిడ్డకు వచ్చిన పిలుపు కాదు. ఎరువుల కొట్టు బాకీ తీరునని తండ్రి తలపోయును. తల్లి ఇలవేల్పునకు మ్రొక్కుకొనును. తన చదువు ఆగకుండ సాగునని చెల్లెలు ఆశపడును. ఇందరి ఆశలను మోసికొని పోయిన బిడ్డ ఆ గదిలో కూర్చుండునది ఏ పదునైదు, ఇరువది నిమిషములో. ఆ కొలది కాలమునకై ముందు చేయవలసిన దేమి, వెలుపలికి వచ్చిన పిదప చేయవలసిన దేమి, చేయరాని దేమి అనునదియే నేటి ప్రసంగ విషయము.

మొట్టమొదట తెలియవలసినది, ఇంటర్వ్యూ అన్ని కొలువులకును లేదు. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి గ్రూపు ‘సి’ ఉద్యోగములకును, గెజిటెడు కాని గ్రూపు ‘బి’ ఉద్యోగములకును దానిని తొలగించినది. ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా నియామకములందును వ్రాత పరీక్షయే గాని ఇంటర్వ్యూ లేదు. ఉన్నచోట దాని పాలెంత? సివిల్ సర్వీసులకు వ్రాత పరీక్ష 1,750 మార్కులు, మౌఖిక పరీక్ష 275. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు ఇంటర్వ్యూకు 100 మార్కులు; అందు సామాన్య అభ్యర్థికి 40, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలు, దివ్యాంగులకు 35 వచ్చితీరవలెను. తుది లెక్కలో వ్రాతకు 80 పాళ్లు, మాటకు 20 పాళ్లు. కావున వ్రాత పరీక్షయే పునాది. అయినను వేలకొలది అభ్యర్థులు ఒకటి రెండు మార్కుల తేడాతో నిలిచినపుడు ఆ యిరువది పాళ్లే ఒకనిని లోపలికి, మరియొకనిని వెలుపలికి పంపుచున్నవి.

సన్నాహములలో మొదటిది కాగితముల సన్నాహము. తెలివిగల పిల్లలు సయితము ఇచ్చటనే చిక్కుపడుచున్నారు. మన యిండ్లలో ఇంటిపేరు పదవ తరగతి పత్రమున పొడి అక్షరముగా నుండును. ఆధార్ కార్డున పూర్తిగా నుండును. డిగ్రీ పత్రమున పేరు తరువాతకు పోవును. తండ్రి పేరు ఒకచోట ఒక వర్ణక్రమము, వేరొకచోట వేరొకటి. ఇంటి వారికి ఇదంతయు ఒకే మనిషి. పత్రములు చూచు ఉద్యోగికి మాత్రము ఇద్దరు మనుష్యులు. పిలుపు వచ్చిన పిదప దిద్దించుకొనుటకు వ్యవధి చాలదు. దరఖాస్తు పెట్టక మునుపే సరిచేయించుకొనవలెను.

కుల ధ్రువపత్రము సంగతియు అట్టిదే. రాష్ట్రమున బి.సి. ‘ఎ’ మొదలు ‘ఇ’ వరకు గల వర్గములు రాష్ట్ర ఉద్యోగములకు చెల్లును. కేంద్ర ఉద్యోగములకును, బ్యాంకులకును కేంద్ర జాబితా వేరు, నమూనా వేరు. సంపన్న శ్రేణికి చెందలేదను వాక్యము అందుండవలెను. ఆ పత్రము ఏ తేదీ నాటిదై యుండవలెనో ప్రకటనలోనే వ్రాయబడి యుండును. దానిని చదివి తహశీల్దారు కార్యాలయమునకు పోవువానికి ఒక్క రోజు పని. చదువక పోవువానికి ఒక్క సంవత్సరము నష్టము.

రెండవది, అభ్యర్థి తన్ను తాను చదువుకొనుట. లోకజ్ఞానమంతయు వల్లించిన యువకుడు తాను దరఖాస్తులో వ్రాసిన మాటలను మరచిపోవుట తరచుగా జరుగుచుండును. ‘అభిరుచి: పుస్తక పఠనము’ అని వ్రాసినవానిని, కడపట చదివిన పుస్తకమేదని అడుగక మానరు. గోదావరి డెల్టానుండి వచ్చినవానిని ధవళేశ్వరము ఆనకట్టను గూర్చి అడిగినచో, 1847లో మొదలిడి 1852లో ముగిసిన ఆ పనిని ఆర్థర్ కాటన్ నడిపించెనని చెప్పగలిగి యుండవలెను. సాగరు కాలువ క్రింది పల్లెవాడు నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెనని యెరిగి యుండవలెను. బ్యాంకు ఉద్యోగము కోరువాడు 1969లో 14 బ్యాంకులు జాతీయము చేయబడుటను, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమగుటను తెలిసికొని యుండుట మేలు.

ఇందు పల్లెబిడ్డ చిన్నబుచ్చుకొనవలసిన దేమియు లేదు. పంట రుణమనగా నేమో పట్నపు అభ్యర్థి పుస్తకమున చదువును. ఇతడు తండ్రి వెంట బ్యాంకు వరుసలో నిలిచి నేర్చినాడు. డ్వాక్రా సంఘపు పొదుపు పుస్తకము ఇతని యింటి గూటిలోనే యున్నది. బ్యాంకు ఉద్యోగమే యేల అని ప్రశ్నించినపుడు అరువు తెచ్చుకొన్న మాటలు విడిచి, తాను కన్నది నాలుగు వాక్యములలో చెప్పినచో వినువారు చెవియొగ్గి విందురు.

మూడవది, నోరు విప్పుట. మనసులో వచ్చు సమాధానము నోటికి రాదు. సాయంకాలము గ్రంథాలయము మూయు వేళకు ముగ్గురు మిత్రులు బల్లకు ఆవలి ప్రక్క కూర్చుండి ప్రశ్నింపవలెను. విశ్రాంత ఉపాధ్యాయు డొకరు దోషములు చెప్పవలెను. పదిమార్లు ఇట్లు చేసిన వాని గొంతు పదునొకండవ మారు వణకదు. ఆంగ్లమున చెప్పవలసి వచ్చినచో చిన్న వాక్యములే చాలును. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షను తెలుగున వ్రాసినవారికి మౌఖిక పరీక్షయందును తెలుగున మాటలాడు వీలున్నది. తెలియని దానికి తెలియదనుట తప్పు కాదు. తెలిసినట్లు నటించుటయే తప్పు. ఒకయేడు పరీక్ష తప్పినచో దాచక కారణము చెప్పి, తరువాత నెట్లు గట్టెక్కెనో చెప్పవలెను.

క్రొత్త బట్టలకై అప్పు చేయ నక్కరలేదు. ఉతికి ఇస్త్రీ చేసినవి చాలును. ప్రయాణము మాత్రము ముందునాడే కావలెను.

ఇక గదినుండి వెలుపలికి వచ్చిన తరువాత. ప్రైవేటు కంపెనీ యైనచో మరునాడు నాలుగు పంక్తుల ఈ-మెయిలు వ్రాయుట మర్యాద. తమ కాలము వెచ్చించినందులకు కృతజ్ఞత, ఉద్యోగము పేరు, తన సంసిద్ధత, ఇంతే. వారు చెప్పిన గడువు దాటిన పిదప వారమాగి ఒక్కమారు అడుగవచ్చును. దినదినము ఫోను చేయుట తన గౌరవమును తానే తగ్గించుకొనుట.

ప్రభుత్వోద్యోగము విషయమున నియమము తలక్రిందులు. అచ్చట ఉత్తరము వ్రాయరాదు, సభ్యులను కలియరాదు, సిఫారసు తేరాదు. అట్టి ప్రయత్నమే అభ్యర్థిని అనర్హుని చేయును. ఈ నిరీక్షణ కాలముననే దళారి యింటికి వచ్చును. పైవారు తెలిసినవారనును, జాబితా తన చేతిలో నున్నదనును, అడ్వాన్సు అడుగును. ఇంటర్వ్యూయే లేని కొలువునకు ఇంటర్వ్యూలో మాట సాయము చేసెదననువాడును కలడు. బిడ్డ తన ప్రజ్ఞచే గెలిచినచో ఆ గెలుపు తనదని చెప్పి రొక్కము దాచుకొనును; ఓడినచో కనుపించడు. గేదెను అమ్మియో, పొలము తాకట్టు పెట్టియో వానికి పైకము ఇచ్చిన యిల్లు కోలుకొనుటకు ఏండ్లు పట్టును. అసలు పత్రములను అట్టివాని చేతి కీయనే రాదు. ఫోనుద్వారా సొమ్ము లాగినచో వెంటనే 1930కు తెలుపవలెను.

పేరు రాకపోయిన నాడు ఏమి చేయవలెను? మార్కులు చూచుకొనవలెను. అవి ప్రకటింపబడనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కేంద్ర సంస్థలను పది రూపాయల రుసుముతో అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెను. వ్రాతలో తగ్గెనా, మాటలో తగ్గెనా యని తెలిసినవాడు మరుసటి యేడు తగినచోట శ్రమించును. పెద్దలు ఆ దినములలో బిడ్డను ఇతరుల బిడ్డలతో పోల్చి నొప్పింపకుందురు గాక.

కడపట గ్రంథాలయమునకు సంబంధించిన మాట ఒకటి. ఇంటర్వ్యూకు పోయివచ్చిన ప్రతివాడును, గెలిచినను ఓడినను, ఆ రాత్రియే అడిగిన ప్రశ్నలను, తా నిచ్చిన సమాధానములను, తడబడిన చోటులను ఒక నోటుపుస్తకమున వ్రాసి ఇచ్చట ఉంచవలెను. అందు పేరు వ్రాయ నక్కరలేదు. ముందు పోయినవాని తడబాటు వెనుక పోవువానికి దారి చూపును. అట్టి పుస్తకము అంగళ్లలో దొరకదు. ఈ బీరువాలో మాత్రమే యుండగలదు. నేడే దాని మొదటి పుట వ్రాయబడినచో ఈ రజతోత్సవము సార్థకమగును.