ఆంగ్ల టెలివిజను అపరాధ పరిశోధన నాటకములు – ఒక ప్రేక్షకుని అభిప్రాయము

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును చదివి పెరిగిన మా మనూరు ప్రాంతపు పాఠకునకు, బ్రిటిష్ టెలివిజనువారి అపరాధ పరిశోధన నాటకములు పరాయివిగాఁ దోఁపవు. 1987 మొదలు 2000 వఱకు 33 కథలుగా వెలువడిన ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’ నందు, ఆక్స్‌ఫర్డు విద్యాపీఠపు ప్రాచీన సౌధముల నడుమ, సంగీతప్రియుఁడును ఏకాకియునగు ఆ అధికారి, హంతకుని కంటె హత్యకు మూలమైన దుఃఖమునే వెదకుచున్నట్లు జాన్ థా నటించిన తీరు నన్ను మిక్కిలి కదలించినది. అగాథా క్రిస్టీ సృష్టించిన పొయిరోగా డేవిడ్ సుషే 1989 నుండి 2013 వఱకు 70 కథలలో జీవించెను; ఆ నిష్ఠ అపూర్వము. అయినను 2013లో మొదలైన ‘బ్రాడ్‌చర్చ్’నే నేను మిన్నగా నెంతును, ఏలయన, ఒక బాలుని హత్యచే చిన్న ఊరంతయు ఒకరినొకరు శంకించుకొనుచుఁ గుమిలిపోవుటను, ఇరుగుపొరుగుల నమ్మకమే ఆస్తిగా బ్రతుకు మావంటి ఊళ్లవారు తమ వాకిట జరిగినట్లే చూతురు.