పాస్‌బుక్ జీతం చీటీ కాదు

(నల్లగండ్ల, పరిసర బస్తీల్లో ఉంటున్న సంఘ సభ్యుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగులో బడి ఫీజుల ముచ్చట ఎందుకని కొందరు అడిగారు. మన ఇళ్లలో అప్పుల చిట్టా తీసి చూద్దాం. ఎరువుల దుకాణం బాకీ కిందనే బడి ఫీజు కోసం తెచ్చిన బాకీ రాసి ఉంటుంది. రెండింటికీ మిత్తి నూటికి మూడు రూపాయలే. పత్తి అమ్మిన పైసలు ఏ బాకీకి పోయాయో మనకే లెక్క దొరకదు. అందుకే ఇది కూడా సాగు సమస్యే అంటున్నాం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంది. దాని మీద బతుకు వెళ్లక ఇటు వచ్చాం. ఒకరు అపార్ట్‌మెంటు గేటు దగ్గర, ఒకరు నాలుగిళ్లలో పనికి, ఒకరు సెంట్రింగ్ పనికి. పిల్లల్ని మాత్రం మంచి బడిలో వేయాలనుకున్నాం. ఈ ఐటీ వాడలో ఫీజులు లక్షల్లో ఉన్నాయి. అందులో మనకు కాస్త అందేవి, అడిగితే వినేవి ఏవంటే మిషన్ స్కూళ్లు, కాన్వెంట్లు. కథోలిక సంస్థలు నడిపే ఈ బడుల్లో చాలాచోట్ల పేద పిల్లలకు ఫీజు తగ్గించే ఆనవాయితీ ఉంది. కానీ ఆ మాట గోడ మీద రాసి ఉండదు. మనం అడగాలి, కాగితం పెట్టాలి.

మన సభ్యుల్లో ఒక కుటుంబానికి జరిగింది చెబుతాం. ఆ అక్క ఇక్కడ ఇళ్లలో పనిచేస్తుంది. అన్న ఊళ్లో రెండెకరాలు పత్తి వేస్తాడు. పాప ఒక కాన్వెంటులో మూడో తరగతి. ఫీజు తగ్గించమని దరఖాస్తు పెట్టి, రుజువుగా పట్టాదారు పాస్‌బుక్ నకలు జత చేశారు. ఆఫీసులో అది చూసి, "మీకు భూమి ఉంది కదమ్మా, మీకంటే లేనివాళ్లు చాలామంది ఉన్నారు" అని తిప్పి పంపారు.

వాళ్లది తప్పని మేము అనం. నల్లగండ్లలో కూర్చున్నవాళ్లకు ఎకరం అంటే కోట్లు. ఈ చెరువు కింద ఒకప్పుడు పొలాలుండేవని, ఇప్పుడు వాటి మీదే అపార్ట్‌మెంట్లు లేచాయని వాళ్లకు తెలుసు. వానకు ఎదురుచూసే చెలక రెండెకరాలుంటే ఏడాదికి ఎంత మిగులుతుందో వాళ్లకు తెలియదు. ఉద్యోగికి జీతం చీటీ ఉంది. మనకున్నది పాస్‌బుక్. అందులో విస్తీర్ణం ఉంటుంది, మిగులు ఉండదు. ఆ మిగులేదో మనమే లెక్క రాసి చూపాలి.

ఆ కుటుంబంతో కూర్చుని మేము రాసిన లెక్క ఇలాంటిది. ఎకరాకు ఆరు క్వింటాళ్ల చొప్పున రెండెకరాలకు పన్నెండు క్వింటాళ్లు. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. పూర్తి ధర దొరికినా వచ్చేది 97,320. దుక్కి, విత్తనం, ఎరువు, మందులు, కలుపు, ఏరుడు కూలి కలిపి ఎకరాకు 35 వేలు వేసుకుంటే ఖర్చు 70 వేలు. మిగిలేది 27,320. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. అప్పుడు దళారి చెప్పిందే ధర, ఇదీ మిగలదు.

దీనికి మార్కెట్ యార్డు తక్‌పట్టీ, సొసైటీలో పంట రుణం కాగితం, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం జత చేశాం. అక్క నెల జీతం కూడా రాశాం. రైతు భరోసా పైసలూ రాశాం. ఏదీ దాచవద్దు. ఒక్కటి దాచినట్టు తేలితే మిగతా తొమ్మిదీ నమ్మరు, మన తర్వాత వచ్చే కుటుంబాన్నీ నమ్మరు.

రెండోసారి ప్రిన్సిపాల్ సిస్టర్ ఆ లెక్క మొత్తం చదివారు. ఏరుడు కూలి అంత ఎందుకవుతుందని అడిగారు. అన్న చెప్పాడు. ట్యూషన్ ఫీజులో సగం తగ్గించారు, మిగతాది నాలుగు వాయిదాలు చేశారు. బస్సు ఫీజు తగ్గలేదు. అంతా మాఫీ అయిందని మేము చెప్పం. కానీ ఆ ఏడు ఆ ఇంట్లో బడి కోసం మిత్తికి తేలేదు.

మరి ఇది హక్కు కాదా అని అడుగుతారు. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. మైనారిటీ సంస్థల బడులకు ఈ చట్టం వర్తించదని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. అది తేలేదాకా కాన్వెంటులో మనది విజ్ఞప్తి. మిగతా ప్రైవేటు బడుల్లో మనది హక్కు. ఆ హక్కును తెలంగాణలో ఇన్నేళ్లుగా సరిగా అమలు చేయలేదు. ఎస్సీ, ఎస్టీ పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకంలో లాటరీలో పేరు వచ్చినవాళ్లు కూడా, బకాయిలు పేరుకుపోయి 2025లో ఎన్ని తిప్పలు పడ్డారో చూశాం. ఈ రెండింటి మీద కొట్లాట మన సంఘం పని. దరఖాస్తు పెట్టినంత మాత్రాన కొట్లాట మానినట్టు కాదు.

అడగడానికి సిగ్గుపడేవాళ్లకు ఒక మాట. 2022లో కార్డినల్ అయిన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల అంతోని కర్నూలు జిల్లా పేద ఇంట్లో పుట్టినవారు. ఏడో తరగతి తర్వాత పేదరికంతో చదువు ఆగితే మిషనరీలు ఆదుకుని చదివించారు. అడిగే ఇంటి బాధ ఆ సంస్థలకు కొత్త కాదు.

ఇక చేయాల్సింది. జూన్‌లో బడి తెరిచాక కాదు, కొత్త ఏడాది ఫీజు లెక్కలు వేసుకునే ముందే, మార్చిలోపే వెళ్లండి. బాకీ పడ్డాక పోతే అది బాకీ పంచాయితీ అవుతుంది. కాగితం పిల్లల చేతికిచ్చి పంపొద్దు, ఆ బరువు వాళ్ల మీద వేయొద్దు. అమ్మానాన్నలిద్దరూ వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలవండి. కథోలిక కుటుంబమైతే విచారణ గురువు ఉత్తరం తీసుకోండి. కాకపోయినా అడగొచ్చు. తీసుకున్నట్టు నకలు మీద సంతకం అడగండి. కాదంటే మళ్లీ ఏడాది మళ్లీ పెట్టండి.

కౌలు రైతులకు పాస్‌బుక్ కూడా ఉండదు, రైతు భరోసా ఉండదు. వాళ్లు కౌలు ఎంత కడుతున్నారో రాయండి, పక్క పొలం రైతులిద్దరితో సంతకం పెట్టించండి. రాయడం రానివాళ్ల కోసం ప్రతి ఆదివారం పొద్దున మేము ఇక్కడే కూర్చుంటాం. తక్‌పట్టీలు పారేయకుండా తెచ్చుకోండి. మిగతాది కలిసి రాద్దాం.