పెన్‌డ్రైవ్‌లో గుమాస్తా



పలక మీద ఒక్క అక్షరం తప్పొస్తే వేలితో తుడిచి దిద్దేవాళ్లం. హార్డ్‌డిస్క్ అలాంటిదే. చిన్న ముక్కనైనా అక్కడికక్కడే తిరగరాస్తుంది. 1980లలో తోషిబాలో ఫుజియో మసుయోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీలో ఆ వీలు లేదు. చెరిపితే బ్లాకు మొత్తం చెరపాలి. కొన్ని వేలసార్లు చెరిపితే ఆ బ్లాకు అరిగిపోతుంది కూడా.

కంప్యూటరుకు ఈ గొడవేమీ తెలియకుండా మధ్యలో ఒక గుమాస్తా ఉంటాడు. ఫ్లాష్ ట్రాన్స్‌లేషన్ లేయర్ అంటారు. దిద్దమంటే దిద్దడు. కొత్త పేజీలో రాసి, పాతది చెల్లదని గుర్తుపెట్టి, చిట్టాలో చిరునామా మారుస్తాడు. తర్వాత తీరిగ్గా, చెల్లే పేజీలను వేరేచోటికి ఎత్తి పాత బ్లాకు చెరుపుతాడు. ఒకే బ్లాకు మీద భారం పడకుండా చూస్తాడు. నిజానికి కష్టమంతా చిట్టాదే. అది రాస్తుండగా పెన్‌డ్రైవ్ లాగేశామా, సరుకు లోపలే ఉన్నా ఎక్కడుందో తెలియకపోవచ్చు.

మన బడి పాత ఫోటోలన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో, బీరువాలో ఉన్నాయని కార్యదర్శిగారు చెప్పారు. కరెంటు తగలకుండా ఏళ్లతరబడి పడుంటే అందులోని చార్జీ మెల్లగా కారిపోతుంది. లాప్‌టాప్ తెచ్చాను. భోజనాలయ్యాక మరో రెండు కాపీలు తీద్దాం.