పరహస్తమందలి తాళపుచెవి



రహస్యలిపిశాస్త్రము చిరకాలము ఒక్క ఊహపై నిలిచినది. వార్తను పంపువాడును అందుకొనువాడును విశ్వాసపాత్రులు. శత్రువు నడిత్రోవలో పొంచియుండును. యంత్రము శత్రువు చేజిక్కినను తాళపుచెవి దక్కినచో రహస్యము దక్కవలయునని 1883లో కెర్కాఫ్స్ పండితుడు నియమము చెప్పెను. ఇచట తాళపుచెవి యనగా ఇనుపది కాదు, ఒక పెద్ద సంఖ్య. 2001లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించిన ఏఇఎస్ పద్ధతిలో అది కనీసము 128 బిట్ల సంఖ్య. దానిని వరుసగా ఊహించి పట్టుట నేటి యంత్రములన్నిటికిని అసాధ్యము.

అయితే తాళపుచెవియు శత్రువు ఇంటనే యున్నచో? చందాదారులకే చిత్రములు చూపు టెలివిజన్ పెట్టె, సొమ్ము చెల్లించు సెల్‌ఫోను పరుల చేతులలో నుండును. చందాదారుడే దొంగ కావచ్చును. లేదా యజమాని ఎరుగకుండ ఫోనులో దుష్టప్రోగ్రాము చొరబడవచ్చును. అట్టివాడు ప్రోగ్రామును నడుమ ఆపగలడు, మెమొరీని చదువగలడు, ఒక అంకెను మార్చి ఫలితమెట్లు మారునో చూడగలడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత ఇచట అక్షరాల చెల్లును.

2002లో కెనడాలోని చౌ, ఐసెన్, జాన్సన్, వాన్ ఊర్‌షాట్ అను నలువురు దీనికొక విచిత్రమైన విరుగుడు ప్రకటించిరి. తాళపుచెవిని ఎచటను దాచకుండుటయే ఆ ఉపాయము! దానిని లెక్కలోనే కరగించి, లెక్కను పట్టికలుగా మార్చి, ప్రతి పట్టికకును ఒక ముసుగు తొడిగిరి. ఆ ముసుగును తరువాతి పట్టిక తీయును. ఏఇఎస్‌కు ఇట్లు 7,70,048 బైట్ల పట్టికలు కావలసివచ్చెను. కేవలము 16 బైట్ల ముక్కను మార్చుటకు 3,104 సారులు వానిని చూడవలెను. పాలలో చక్కెర కరగినట్లు తాళపుచెవి కరగినది. తీపి యున్నది గాని పలుకు కనబడదు.

కనబడకున్నను, 2004లో బిల్లే మొదలగువారు బీజగణితముతో దానిని మరల పైకి తీసిరి. 2016లో తగిలిన దెబ్బ ఇంకను చిత్రము. బాస్ మొదలగు పరిశోధకులు పట్టికలను అర్థము చేసికొన యత్నింపనే లేదు. ప్రోగ్రామును వేర్వేరు అంకెలతో పలుమారులు నడిపి, మెమొరీలోని కదలికలను నమోదు చేసి, గణాంకశాస్త్రమునకు అప్పగించిరి. తాళపుచెవిలో ఒక బైటుకు 256 ఊహలే యుండును. సరియైన ఊహకు ఆ కదలికలతో పొందిక కుదురును. పదునారు బైట్లకును కలిపి 4,096 ఊహలు! విశ్వయంత్రములకు లొంగని సంఖ్య ఎచట, ఈ నాలుగు వేలు ఎచట! 2017లో జరిగిన వైబాక్స్ పోటీకి 94 ప్రోగ్రాములు రాగా అన్నియు భగ్నమయ్యెను. మిక్కిలి నిలిచినది 28 దినములు.

ఇరువదియెనిమిది దినములా యని నవ్వరాదు. పది దినములకే చెల్లిపోవు తాళపుచెవికి అది చాలును. ఫోనుద్వారా కార్డు చెల్లింపులలో అసలు సంఖ్యకు బదులు మారుసంఖ్యను, కొలది లావాదేవీలకే చెల్లు తాళపుచెవులను ఇచ్చుట ఇందులకే. దొంగకు దక్కునది చిల్లర.

రెండవ మార్గము తాళపుచెవిని ప్రత్యేకమైన చిప్పులో బంధించుట. అధికారులు ఎలక్ట్రానిక్ సంతకమునకై కంప్యూటరున గుచ్చు టోకెను అట్టిదే. తాళపుచెవి దానిని విడిచి రాదు. సంతకము మాత్రమే వెలికి వచ్చును. (పిన్ సంఖ్యను చీటీపై వ్రాసి టోకెనుకే అంటించువారికి ఏ శాస్త్రమును తోడ్పడదు.) ఐనను కంప్యూటరే శత్రువశమైనచో, వాడు తాళపుచెవిని దొంగిలింపలేకపోయినను, టోకెను గుచ్చియున్నంతసేపు మరియొక పత్రమును లోనికి పంపి సంతకము వేయించుకొనగలడు. తెరపై కనబడునది ఒకటి, సంతకము పడునది మరియొకటి. సంతకము పడబోవు దానిని తమ తెరపైననే చూపు పరికరములును కలవు. కార్యాలయములందు సాధారణముగా వాడు టోకెనుకు తెర లేదు.