ఇరుసు విరిగిన రోజు

"మీ హాబీ గురించి ఓ ఐదు నిముషాలు మాట్లాడతారా?" అని రేడియో వాళ్ళు అడిగారు. మా ఇంట్లో ఈ మాట అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. అందుకని వెంటనే ఒప్పేసుకున్నాను.

నా దగ్గర ఒక కిట్ కారు ఉంది. షోరూంలో కొన్నది కాదు, గరాజులో నేనే బిగించుకున్నది. కాలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ అని రెండు సీట్ల చిన్న కారు తెచ్చాడు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పట్లో ఈ దేశంలో పర్చేజ్ టాక్స్ పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది, ఆ పిచ్చి మాత్రం పోలేదు. నాది ఆ సెవెన్ తరహాదే. చట్రం కొత్తది, ఇంజను, గేర్‌బాక్సు, వెనక సరంజామా తుక్కుకి వెళ్ళిన ఒక ఫోర్డ్ సియెర్రావి. 2018లో మొదలుపెట్టాను. శని ఆదివారాలు గరాజుకే అంకితం. 2021లో ఐ.వి.ఏ. అనే ప్రభుత్వ పరీక్ష పాసయింది. నా మాస్టర్స్ డిగ్రీకి కూడా మా ఆవిడ అంత సంతోషించి ఉండదు, ఇక ఆదివారాలు ఖాళీ అనుకుని!

2023 ఆగస్టులో మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు వెళ్ళాను. వాడికప్పుడు పదేళ్ళు. ఎత్తు మీద ఒక జంక్షన్‌లో ఆగి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. వెనక ఠప్పుమని చప్పుడు. ఇంజను అరుస్తోంది, బండి ముందుకి పోవడం లేదు. పైగా మెల్లగా వెనక్కి జారుతోంది.

బ్రేకు నొక్కి, ఇంజను ఆపి, గేరులోనే ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి కాలు తీశాను. మళ్ళీ జారింది! నా హ్యాండ్ బ్రేకు కేబులు కాస్త వదులని నాకు తెలుసు. "గేరులో పెడితే ఆగుతుందిలే" అని వారాల తరబడి వాయిదా వేశాను. మళ్ళీ బ్రేకు మీద కాలు పెట్టి, "దిగి, రాయి పెట్టరా చక్రానికి!" అని అరిచాను. రోడ్డు పక్క గోడ నుంచి రాలిన రాయొకటి తెచ్చి పెట్టాడు. మన లారీ క్లీనర్లు చెక్క ముక్క పట్టుకుని దూకుతారే, అచ్చం అలాగే. వాడు చక్రం వెనక్కి వంగిన ఆ రెండు క్షణాలూ నా కాలు బ్రేకు మీద వణికింది. పక్క నుంచి పెట్టమని చెప్పాలన్న జ్ఞానం కూడా నాకు లేకపోయింది.

గేరులో ఉన్న బండి ఎందుకు జారిందో చెబుతాను. ఇంజను శక్తి వెనకున్న డిఫరెన్షియల్‌కి వస్తుంది. అక్కణ్ణించి ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి డ్రైవ్‌షాఫ్ట్‌లు. ఎడ్లబండి ఇరుసు లాంటివే అనుకోండి, కాకపోతే ఎడ్లబండికి చక్రం మాత్రమే తిరుగుతుంది, ఇక్కడ ఇరుసే తిరిగి చక్రాన్ని తిప్పుతుంది. మలుపుల్లో రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనివ్వడం డిఫరెన్షియల్ పని. ఒకవైపు విరిగిందా, శక్తంతా ఆ విరిగిన ముక్కని గిరగిరా తిప్పడానికే పోతుంది, బాగున్న చక్రానికి ఏమీ అందదు. వెనక్కి జారేటప్పుడూ అంతే. బాగున్న చక్రం ఒకవైపు తిరుగుతుంటే విరిగిన ముక్క రెండోవైపు తిరుగుతుంది, ఇంజను పట్టు ఎక్కడా ఉండదు. ఇక ఆపగలిగేవి చక్రాల దగ్గరున్న బ్రేకులే.

రికవరీ లారీ మీద ఇంటికి చేరాం. ఆ రాత్రి విజయవాడకి ఫోను చేశాను. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు.

"ఏరా, యాక్సిల్ కట్టయిందా? విరిగిన చోట మొహం ఎలా ఉంది? నున్నగా ఉందా, గరుకుగా ఉందా?"

"సగం నున్నగా ఉంది నాన్నా, చెరువు ఒడ్డున నీళ్ళు తగ్గినప్పుడు మిగిలే గీతల్లాగా ఉన్నాయి. మిగతాది గరుకు."

"అయితే ఇవాళ విరిగింది కాదు. ఎన్నాళ్ళ నుంచో విరుగుతోంది. ఆ గీతలు ఎక్కడ మొదలయ్యాయో చూడు. అక్కడ నీ చెయ్యి కనబడుతుంది."

కనబడింది. పాత సి.వి. జాయింటు రబ్బరు బూటు మార్చేటప్పుడు తుప్పు పట్టిన క్లిప్పు ఊడిరాలేదు. గ్రైండరు పెట్టి కోశాను. కింద షాఫ్ట్ మీద గోరు గీసినంత గాటు పడింది. ఆ గాటు మీదే కొత్త బూటు తొడిగి, కొత్త క్లిప్పు బిగించేశాను. దాన్ని ఏ ఇన్‌స్పెక్టరు చూస్తాడు? పరీక్షలన్నీ పాసయి ప్రొడక్షన్‌లో కూలిపోయిన ప్రోగ్రాములు నేను చాలా చూశాను. తిప్పినప్పుడల్లా గాటు దగ్గర పగులు కొంచెం కొంచెం లోపలికి పాకి, చివరికి మిగిలిన ఇనుము ఆ ఎత్తు దగ్గర తట్టుకోలేకపోయింది.

"రెండో వైపు క్లిప్పు దేనితో కోశావు?" అన్నారు నాన్నగారు. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు రెండో షాఫ్ట్ కూడా విప్పాను. నల్లటి గ్రీజు అంతా తుడిచి, పగుళ్ళు పట్టే ఎర్ర రంగు స్ప్రే కొట్టి, కాసేపాగి తుడిచి, పైన తెల్ల పొడి స్ప్రే చేశాను. పగులుంటే లోపల దాగిన ఎరుపు తెల్లదనం మీదకి ఊరుతుంది. రెండు నిముషాలకి వెంట్రుకంత ఎర్ర గీత తేలింది. పక్కనే బ్రేకు గొట్టం రబ్బరు మీద విరిగిన ముక్క తగిలిన గీరు కూడా ఉంది. ఆ రోజు మేం కదలకుండా ఉన్నాం కాబట్టి గీరు. మోటర్‌వే మీదైతే ఆ ముక్క గొట్టాన్ని తెంపి ఉండేది. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పుడు రేడియోలో తెలుస్తోంది, క్షమించాలి.

రెండు షాఫ్ట్‌లూ మార్చాను, కొత్త బోల్టులు వేశాను. హ్యాండ్ బ్రేకు కేబులు మాత్రం వాటికంటే ముందే బిగించాను. క్లిప్పులు ఇప్పుడు సైడ్ కటర్‌తో కత్తిరిస్తున్నాను, ఎంత సేపు పట్టినా సరే.

మరుసటి ఏడాది నాన్నగారు వచ్చారు. కారు కింద పడుకుని అరగంట చూశాకే ఎక్కారు. వెళ్ళేటప్పుడు విరిగిన ముక్క అడిగి తీసుకుని, చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నారు. అది ఇప్పుడు విజయవాడలో టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్ళకి చూపించి, "మా వాడి పనితనం" అంటున్నారట.