బ్రౌజర్లతో నా పాతికేళ్ళ కాపురం
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం ఇన్‌వర్డు సెక్షన్‌లో తపాలాకు నెంబర్లు వేస్తూ గడిపినవాణ్ణి. అందుచేత శాస్త్రం చెప్పను. నేను పడ్డ పాట్లు మాత్రం మనవి చేస్తాను. వాటిలో ఒకటి నా పింఛనుకే ఎసరు తెచ్చింది గనుక మీకు పనికొస్తుందని ఆశ.

2001లో మా అబ్బాయి అమెరికా వెళ్ళాడు. వాడి ఉత్తరం కోసం పోస్టుమాన్ దారి చూసే రోజులు పోయి, నెట్ సెంటర్ మెట్లెక్కే రోజులొచ్చాయి. అక్కడి కుర్రాడు తెర మీద నీలం రంగు "ఇ" బొమ్మ చూపించి, "దీని మీద రెండుసార్లు నొక్కండి మాస్టారూ, ఇంటర్నెట్ వస్తుంది" అన్నాడు. ఆ "ఇ" అంటేనే ఇంటర్నెట్ అని నేను చాలాకాలం నమ్మాను. అది ఇంటర్నెట్టును చూపించే ఒక పనిముట్టు మాత్రమేననీ, దాన్ని బ్రౌజరు అంటారనీ, అటువంటివి మరికొన్ని ఉన్నాయనీ నాకు తెలియదు.

ఒకనాడు నా మామూలు సీటు ఖాళీ లేక పక్క కంప్యూటరు ముందు కూర్చున్నాను. దానిలో నెట్‌స్కేప్ ఉంది. రోజూ చదివే తెలుగు పత్రిక తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. అంతా చుక్కలూ గీతలూ ఇంగ్లీషు ముక్కలూ! కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. లోపం కళ్ళజోడుది కాదు.

కారణం తరువాత తెలిసింది. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు దేని ఫాంటు అది వాడుకునేవి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చేవారు. ఆ ఫాంటు పేజీతో పాటు మన కంప్యూటరుకు దిగితేనే తెలుగు కనపడేది. దిగకపోతే అడుగున ఉన్న పిచ్చి గుర్తులు బయటపడేవి. ఇలా దిగే ఫాంటుకు ఎక్స్‌ప్లోరరుది ఒక పద్ధతి, నెట్‌స్కేపుది మరో పద్ధతి. ఒకరి తాళంచెవి ఇంకొకరి తాళానికి పట్టదు.

ఇక్కడ రెండు ముక్కలు చరిత్ర చెప్పాలి. మొట్టమొదటి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్ లీ తయారు చేశారు. 1993లో మొజాయిక్ వచ్చి బొమ్మలతో సహా పేజీలు చూడటాన్ని జనానికి అలవాటు చేసింది. 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది కూడా 1995 ఆగస్టు 15ననే. విండోస్‌తో పాటు ఎక్స్‌ప్లోరరును ఉచితంగా ఇవ్వడంతో నెట్‌స్కేప్ క్రమంగా వెనకబడింది. 1998లో ఆ కంపెనీవారు తమ ప్రోగ్రామును అందరికీ తెరిచిపెట్టారు. ఆ విత్తనం నుంచి మొలిచిందే 2004 నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్.

అదే 2004లో నేను రిటైరయ్యాను. గ్రాట్యుటీ డబ్బులో కొంత పెట్టి కంప్యూటరు కొన్నాను. విండోస్ ఎక్స్‌పీ, అందులో ఎక్స్‌ప్లోరర్. ఒక పేజీ తెరిస్తే అడగని పేజీలు నాలుగు ఎగిరిపడేవి. లాటరీ తగిలిందని ఒకటి, వైరస్ పట్టిందని మరొకటి. అన్నిటినీ మూసేసరికి కాఫీ చల్లారిపోయేది. మరుసటి ఏడు సెలవులకు వచ్చిన అబ్బాయి, "నాన్నగారూ, ఇక ఇది వాడండి" అని ఫైర్‌ఫాక్స్ పెట్టి వెళ్ళాడు. అనవసరపు కిటికీలు ఆగిపోయాయి. ఒకే కిటికీలో పది పేజీలు, ఫైలుకు ట్యాగులు వేసినట్టు, వరసగా పెట్టుకునే వీలు వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

కాని తెలుగు పత్రిక మళ్ళీ చుక్కలూ గీతలే! అందుకని పత్రికకు ఎక్స్‌ప్లోరర్, ఉత్తరాలకు ఫైర్‌ఫాక్స్. మా ఆవిడ చూసి, "ఏమండీ, రెండు పొయ్యిలెందుకు వెలిగించారు?" అనేది. కొంతకాలానికి ఫైర్‌ఫాక్స్‌కు "పద్మ" అనే చిన్న అనుబంధం దొరికింది. పత్రికల సొంత ఫాంట్లలోని అక్షరాలను అది యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. యూనికోడ్ అంటే ప్రపంచ భాషల ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన నెంబరు ఇవ్వడం. ఇన్‌వర్డు నెంబరు లాంటిదే! మనసుకు వెంటనే పట్టింది. పత్రికలు కూడా యూనికోడ్‌కు మారాక ఆ బాధ తీరింది. ఇప్పుడు ఏ బ్రౌజరులో తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడుతుంది.

2008లో గూగుల్ వారి క్రోమ్ వచ్చింది. నాకు అది 2012లో మనవడి చేతిమీదుగా అందింది. "తాతయ్యా, నీది ఎడ్లబండి, ఇది రైలు" అన్నాడు. వేగం నిజమే. ఒక పేజీ మొరాయిస్తే అదొక్కటే మూసుకోవచ్చు, తక్కినవి నడుస్తూనే ఉంటాయి. అయితే ఆ మార్పులో చిన్న దెబ్బ తగిలింది. పాస్‌వర్డులన్నీ ఫైర్‌ఫాక్స్ గుర్తుంచుకుంటోంది గదా అని నేను మరిచిపోయాను. క్రోమ్‌లో ఒక్కటీ లేదు. పాతదాన్నుంచి కొత్తదానికి వాటిని తెచ్చుకునే ఏర్పాటు ఉంటుందని తరువాత తెలిసింది. మారేటప్పుడు ముందు ఆ పని చేసుకోండి. ముఖ్యమైన పాస్‌వర్డులు ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి.

ఇక అసలు దెబ్బ. 2017 సంగతి. ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ వివరాలు ఆ ఏడు ఒక కార్యాలయం వారి వెబ్‌సైటులో నింపాలన్నారు. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం. క్రోమ్‌లో తెరిచి, అన్ని గడులూ జాగ్రత్తగా నింపి, అడుగున ఉన్న బటన్ నొక్కాను. తెర మీద ఏమీ రాలేదు. తప్పు అనీ అనలేదు, ఒప్పు అనీ అనలేదు. వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

రెండు నెలలు పింఛను పడలేదు. మా ఆవిడకు గుండె మందులు ఆపడానికి లేదు. డెబ్బై ఒకటో ఏట, జీవితంలో మొదటిసారి, మా తమ్ముడి దగ్గర చెయ్యి చాచాను. వాడు మారు మాట్లాడకుండా ఇచ్చాడు. తీసుకున్న నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కార్యాలయానికి వెళితే అక్కడి అమ్మాయి వివరాలు చూసి, "సార్, మీరు బతికున్నట్టు మా దగ్గర లేదు. దేంట్లో ఓపెన్ చేశారు?" అని అడిగింది. క్రోమ్ అన్నాను. "ఇది ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేస్తుంది సార్" అంది. ఆ ముక్క వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. ఇంటికొచ్చి, మూలన పడేసిన ఆ నీలం "ఇ" తెరిచి నింపాను. వెంటనే రసీదు నెంబరు వచ్చింది. తరువాత బకాయిలతో సహా పింఛను అందింది.

ఆలోచిస్తే నాకు సిగ్గేసింది. ముప్ఫై మూడేళ్ళు నా బల్ల దగ్గరికి వచ్చిన ఏ మనిషికీ నెంబరు వేసి, ముద్ర కొట్టి రసీదు ఇవ్వకుండా పంపలేదు. ముసలివాళ్ళైతే, "ఈ కాగితం జాగ్రత్త పెద్దాయనా" అని మరీ చెప్పేవాణ్ణి. నా వంతు వచ్చేసరికి రసీదు అడగడమే మరిచాను. తప్పు నాదీ ఉంది. కాని ఒక్క బ్రౌజరు వాడేవాడికే తలుపు తెరుచుకునే ఆఫీసు కట్టడం అంతకంటే పెద్ద తప్పు.

ఆ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ వారే ప్రధానంగా స్వస్తి చెప్పారు. దాని స్థానంలో వారి ఎడ్జ్ ఉంది. పాత వెబ్‌సైట్ల కోసం ఎడ్జ్‌లోనే ఎక్స్‌ప్లోరర్ పద్ధతి ఒకటి ఉంచారు. 2020 నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం పునాది మీదే నడుస్తోంది. నేను ఇప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఉంచుకున్నాను. ఒకటి మొరాయిస్తే రెండోది.

చివరగా నా అనుభవ సారం. ఒకటి, రసీదు నెంబరు చేతికి వచ్చేదాకా పని అయిందని అనుకోవద్దు. రెండు, బ్రౌజరు కొత్త వెర్షన్ ఇస్తానంటే కాదనకండి; పాతదానిలో దొంగలు దూరే కంతలుంటాయి. మూడు, "మీ కంప్యూటరుకు వైరస్, ఈ నెంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే ఫోన్ చేయవద్దు, బ్రౌజరు మూసేయండి. నాలుగు, బ్యాంకు పేజీ తెరిచినప్పుడు పైన ఉన్న చిరునామాను అక్షరం అక్షరం చదవండి. మనం జీతాల బిల్లులు అలాగే చదివేవాళ్ళం గదా!

సంఘానికి ఒక విన్నపం. పింఛనుదార్ల కోసం పెట్టే ఏ వెబ్‌సైటైనా అన్ని బ్రౌజర్లలోను, ఫోన్లలోను తెరుచుకోవాలి, తెలుగులో ఉండాలి, దరఖాస్తు అందినదీ లేనిదీ అక్కడికక్కడే చెప్పాలి. ఈ మేరకు ఈ సభలోనే తీర్మానం చేసి అధికారులకు పంపవలసిందిగా కోరుతున్నాను. పంపేటప్పుడు అక్నాలెడ్జిమెంటు తీసుకోవడం మాత్రం మరిచిపోవద్దు.